నీళ్లలో చేప ఉంటే ఆ మాట ముందే చెప్పండి

పోయిన నెల అమ్మ లండన్ వచ్చింది. పుట్టినరోజు కదా అని సిటీ మధ్యలో ఉన్న ఒక మోడ్రన్ జపనీస్ రెస్టారెంటుకి తీసుకెళ్లాను, పేరు రాయను. అమ్మకి 64 ఏళ్లు, ఇంతవరకూ కోడిగుడ్డు కూడా ముట్టలేదు. బుక్ చేసేటప్పుడే ప్యూర్ వెజ్ అని రాశాను, కూర్చున్నాక మళ్లీ చెప్పాను, మెనూలో పచ్చ ఆకు గుర్తు ఉన్నవే ఆర్డర్ చేశాను.

ముందు అగెదాషి టోఫు వచ్చింది. పైన పల్చగా వేగిన పిండి పొర, లోపల జున్నులాంటి టోఫు, గిన్నె అడుగున తేనె రంగులో కాస్త చారు. అమ్మ చెంచా నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. "ఏంట్రా, నీచు వాసన వస్తోంది" అంది. సోయా సాస్ అమ్మా, తిను అన్నాను. తిన్నది.

నాకే మనసొప్పక అలర్జీ లిస్టు తెప్పించాను. ఇక్కడి చట్టం ప్రకారం 14 రకాల పదార్థాల గురించి కచ్చితంగా చెప్పాలి, వాటిలో చేప ఒకటి. టోఫు వరుసలో చేప గడిలో టిక్కు ఉంది, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌కీ ఉంది. మేనేజర్ వచ్చి "ముక్కలేం ఉండవు, ఫ్లేవర్ కోసమే" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

ఆ చారుకి మూలం దాషి. మనకి పప్పుకట్టు ఎలాగో వాళ్లకి అది అలాగ, సూపులో, సాసులో, ఉడోన్ నూడుల్స్‌లో, అన్నిట్లో పడుతుంది. మామూలుగా కొంబు అనే సముద్రపు నాచు, దాంతోపాటు కట్సువోబుషి వేసి కాస్తారు. కట్సువోబుషి అంటే చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కలా బిగిసేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు తీసిన రేకులు. కాచాక వడకట్టేస్తారు, ఇక కంటికి ఏమీ కనపడదు. కనపడలేదు కాబట్టి వెజ్ అనేస్తున్నారు.

జపనీస్ వంటంటే అంతే, సర్దుకోవాలి అని ఒక ఫ్రెండ్ అన్నాడు. ఎందుకు సర్దుకోవాలి? ఆ దేశంలోనే బౌద్ధ ఆలయాల్లో షోజిన్ ర్యోరి అని చేప, మాంసం తగలని వంట వందల ఏళ్లుగా ఉంది, కొంబుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో దాషి కాస్తారు. అసలు ఇవాళ అందరూ చెప్పుకునే ఉమామి అనే రుచిని (తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఐదోది) 1908లో కికునాయె ఇకెదా అనే టోక్యో ప్రొఫెసర్ పట్టుకున్నది కొంబులోనే, చేపలో కాదు. నేను చేప తింటాను, మిసో పట్టించి కాల్చిన బ్లాక్ కాడ్ అంటే ప్రాణం. వాళ్ల వంటకి వంక పెట్టడం లేదు, వెజ్ అని చెప్పి పెట్టినదాని గురించే నా గొడవ.

మీ వాళ్లని తీసుకెళ్తే, హైదరాబాద్‌లో అయినా సరే, "వెజ్ ఉందా" అని అడిగి ఊరుకోకండి. "దాషి దేంతో కాస్తారు" అని అడగండి. వాళ్లకి తెలియకపోతే ఉప్పు చల్లిన ఎడమామే (పచ్చి సోయా కాయలు), కీరా పెట్టిన కప్పా మాకి అనే సుషి చుట్టలు, ఉత్త అన్నం, అంతే.

అమ్మ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి రాత్రి పదకొండింటికి, ఆ చలిలో, తలస్నానం చేసింది. డబ్బు వెనక్కి ఇస్తామని రెస్టారెంటు వాళ్లు మెయిల్ పెట్టారు. డబ్బు వద్దు, మెనూలో ఆ ఆకు గుర్తు తీసేయండి అని రాశాను. ఇంకా జవాబు లేదు.