బోర్డు మీద లేటెస్ట్, ల్యాబ్‌లో రిటైరైన టూలు

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో చూసినా, విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా చూసినా అవే ఫ్లెక్సీలు: ఫుల్ స్టాక్ కోర్సు (వెబ్‌సైటులో కనిపించే భాగం, వెనక సర్వర్ భాగం రెండూ నేర్పేది), లేటెస్ట్ టెక్నాలజీ, జాబ్ అసిస్టెన్స్. ఇది పాఠకులకి తెలిసిందే, కొత్తగా చెప్పేదేం లేదు. మాకు ఒళ్లు మండింది వేరే దానికి. అలాంటి ఒక లేటెస్ట్ కోర్సు మెటీరియల్ మా డెస్క్ చేతికొచ్చింది, తెరిస్తే మొదటి రోజు మొదటి కమాండే క్రియేట్ రియాక్ట్ యాప్, అంటే వెబ్ పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్‌తో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే టూల్. కొత్త ప్రాజెక్టులకి ఇది ఇక వాడొద్దని రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరి 14న ప్రకటించి పక్కన పెట్టేసిన టూల్ అది. ఇంకా ఘోరం ఏంటంటే ఆ మాట ఎక్కడో వెతుక్కుని తెలుసుకోవాల్సిన పని కూడా లేదు, దాని చివరి వెర్షన్‌తో మొదలుపెడితే ఇది డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దు అని స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఇదేంటి సార్ అని పిల్లలు అడిగితే పట్టించుకోకు, ముందుకెళ్లు అన్నారట.

ఆ పట్టించుకోకు అన్న మాట దగ్గరే మా గొడవంతా. బోర్డు మీద లేటెస్ట్ అని రాసి డబ్బు తీసుకున్న వాళ్లే, ఇది పాతదిరా బాబూ అని టూలే స్వయంగా చెప్తుంటే చదవొద్దంటున్నారు.

టూల్స్ మారడం తప్పు కాదు, వెబ్‌లో మారుతూనే ఉంటాయి. 2006లో జేక్వెరీ వచ్చింది, 2013లో రియాక్ట్, 2014లో వ్యూ, 2016లో స్వెల్ట్, అదే ఏడాది యాంగ్యులర్‌ని మొత్తం తిరగరాసి వదిలారు. ఫ్లాష్ సంగతి గుర్తుంది కదా, ఒకప్పుడు వెబ్‌లో కదిలే బొమ్మ, ఆట, వీడియో ఏది చూసినా దాని మీదే నడిచేది, దాని కోసం కోర్సులు కట్టి నేర్చుకున్నారు. ఐఫోన్‌లోకి దాన్ని రానివ్వలేదు, 2011లో దాని సొంత కంపెనీ అడోబీయే ఫోన్ బ్రౌజర్ల కోసం చేయడం ఆపేసింది, 2017లో మూసేస్తున్నామని తేదీతో సహా చెప్పింది, 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ అయిపోయింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆడించడం మానేసింది. అంటే ముందే చెప్పారు, ఏళ్ల తరబడి చెప్పారు. ఆ మాటలు చదివిన వాళ్లు బ్రౌజర్‌లో నేరుగా నడిచే భాష జావాస్క్రిప్ట్‌కి మారిపోయారు, చదవని వాళ్లు ఫ్లాష్ మెనూలు మాత్రమే తెలిసి మిగిలిపోయారు. వార్నింగ్ చదవడం కూడా ఈ పనిలో ఒక నైపుణ్యమే, దాన్నే మన ఇన్‌స్టిట్యూట్లు పిల్లల చేత మాన్పిస్తున్నాయి.

కంపెనీలు రియాక్టే అడుగుతున్నాయి, మూడు నెలల కోర్సులో బేసిక్స్ అంటూ కూర్చుంటే ఎవరు చేరతారు అన్నది నిర్వాహకుల వాదన. అడుగుతున్న మాట నిజమే. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్న వాడు క్రియేట్ రియాక్ట్ యాప్ కమాండ్ చెప్పమని అడగడు, ప్రామిస్ అంటే ఏంటి, క్లోజర్ ఎలా పనిచేస్తుంది, ఈ స్క్రీన్ రెండుసార్లు ఎందుకు రెండర్ అయింది, అంటే ఎందుకు రెండుసార్లు గీసుకుంది అని అడుగుతాడు. మొదటి రెండిటికీ సమాధానం జావాస్క్రిప్ట్‌లోనే ఉంటుంది, మూడోదానికి పునాది కూడా అక్కడే, మెటీరియల్‌లో దానికిచ్చింది రెండంటే రెండు క్లాసులు. పాత కంపెనీ ప్రాజెక్టు ఇప్పటికీ ఆ టూల్ మీద నడుస్తుంటే దాన్ని తెలుసుకోవాలి, కాదనం, అయితే అలా చెప్పే నేర్పాలి, లేటెస్ట్ అని కాదు.

అసలు ఏ పనికి ఏ టూల్ అన్న ప్రశ్నే ఈ కోర్సుల్లో రావట్లేదు. గవర్నర్‌పేటలో ఒక షాపు వాళ్లకి ధరల పట్టిక, ఫోన్ నంబర్, ఎంక్వైరీ ఫారం ఉన్న సైటు కావాలంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కాస్త జావాస్క్రిప్ట్ సరిపోతుంది, అక్కడ రియాక్ట్ పెడితే ఊరికే బరువు, షాపాయన ఫోన్‌లో పేజీ తెరుచుకోవడమే ఆలస్యం. అదే బస్సు సీట్ల బుకింగ్ అయితే ఒక సీటు నొక్కగానే ధర మారాలి, మిగిలిన సీట్ల లెక్క మారాలి, ఇంకొకరు పట్టుకున్న సీటు మూసుకుపోవాలి, ఒకే సమాచారం స్క్రీన్ మీద పది చోట్ల మారాలి, అక్కడ రియాక్టో వ్యూనో యాంగ్యులరో నిజంగా పనికొస్తుంది. ఈ తేడా ఒక పూటలో చెప్పొచ్చు. చెప్పరు, ఎందుకంటే చెప్తే పిల్లలు మిగతావి కూడా అడుగుతారు, ట్రైనర్‌కి వచ్చింది ఒక్కటే.

కాలేజీల వాళ్లు మేం వేరు అనుకోవద్దు. జావా ఆప్లెట్లు, అంటే వెబ్ పేజీ లోపల నడిచే చిన్న జావా ప్రోగ్రాములు, వాటిని నడిపే ప్లగిన్లకి క్రోమ్ 2015లోనే తలుపులు మూసింది, 2017లో జావా వాళ్లే ఆప్లెట్‌ని డెప్రికేట్ చేశారు, అయినా ల్యాబ్ రికార్డులో ఆప్లెట్ ప్రోగ్రాం రాయించి సంతకం పెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. 2016లో తిరగరాయకముందున్న పాత యాంగ్యులర్, అదే యాంగ్యులర్ జేఎస్, దాని సపోర్ట్ 2021 డిసెంబర్ 31తో ముగిసిపోయింది, దాని నోట్సే జిరాక్స్ తీసి యాంగ్యులర్ కోర్సని ఇచ్చేస్తున్నారు. బ్రోషర్లలో మాత్రం ఇండస్ట్రీ రెడీ అని రాస్తారు. బయట లేటెస్ట్, లోపల పాతది, ఇక్కడా అదే కథ.

మిర్చి యార్డులో టిక్కీ విప్పి కాయ చూడకుండా ఎవరూ ధర చెప్పరు. ఈ ఊళ్ల తల్లిదండ్రులు మాత్రం కోర్సు లోపల ఏముందో చూడకుండా వేలకి వేలు కడుతున్నారు, అప్పు చేసి కూడా కడుతున్నారు. ఇందులో టూల్స్‌కి అయ్యే ఖర్చు సున్నా అని వాళ్లకి ఎవరూ చెప్పట్లేదు. కోడ్ రాసే వీఎస్ కోడ్ ఫ్రీ, జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్ ఫ్రీ, రియాక్ట్ ఫ్రీ, ఎండీఎన్ సైటులో జావాస్క్రిప్ట్ పాఠాలు ఫ్రీ, విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏది తెరిచినా ఎఫ్12 నొక్కితే వచ్చే, పేజీ లోపల ఏం జరుగుతోందో చూపించే డెవలపర్ టూల్స్ కూడా ఫ్రీ. మరి ఫీజు దేనికి? దగ్గర కూర్చుని నేర్పినందుకు, తప్పు చూపించినందుకు. అదే లేనప్పుడు అది ఫీజు కాదు.

చేరబోయే వాళ్లు డెమో క్లాసులో ఒకటే అడగండి. రియాక్ట్ లాంటి ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా ఒక బటన్ నొక్కితే సర్వర్ నుంచి డేటా తెచ్చి పేజీలో చూపించండి, ఆ రిక్వెస్ట్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎక్కడుందో చూపించండి అనండి. జావాస్క్రిప్ట్‌లో సర్వర్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ తెలిసిన వాళ్లకి ఐదు నిమిషాల పని. నీళ్లు నమిలితే బయటికొచ్చేయండి, అడ్వాన్స్ కట్టకండి.

ఇన్‌స్టిట్యూట్ల యజమానులకి మా మాట సూటిగానే చెప్తున్నాం. వచ్చే బ్యాచ్‌కి క్రియేట్ రియాక్ట్ యాప్ తీసేసి, దాని బదులు వాడే వీట్ అనే టూల్‌తో మొదలుపెట్టడానికి మీ ట్రైనర్‌కి ఒక ఆదివారం చాలు, జావాస్క్రిప్ట్‌కి మూడు వారాలు ఇవ్వడానికి మీకు మనసుంటే చాలు. అది కూడా చెయ్యలేకపోతే ఆ ఫ్లెక్సీ మీంచి లేటెస్ట్ అన్న మాట చెరిపెయ్యండి, ఈ బ్యాచ్ పిల్లల దగ్గర తీసుకున్న ఫీజు వెనక్కిచ్చెయ్యండి.