ఎంబీ అని రాస్తే పది లక్షలే ఉండాలి

ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఫొటో 50 కేబీకి మించరాదు’ అని ఉంటుంది కదా. చేతిలో 50,700 బైట్ల ఫొటో ఉందనుకోండి. విండోస్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే 49.5 కేబీ అంటుంది. సరిపోయిందని అప్‌లోడ్ చేస్తారు. సైటు రాసినవాళ్లు పరిమితిని 50,000 బైట్లని పెట్టి ఉంటే అది ‘సైజు ఎక్కువ’ అని తిప్పికొడుతుంది. అదే ఫొటోను మ్యాక్‌లో చూస్తే 51 కేబీ. సైటు పరిమితి 51,200 బైట్లయితే దాన్ని ముట్టుకోనక్కర్లేదు, అయినా మ్యాక్‌లో చూసినవాళ్లు అనవసరంగా కుదిస్తారు. ఆఖరి తేదీ రాత్రి నెట్ సెంటర్లో కూర్చుని, ముఖం మసకబారేదాకా ఫొటోను కుదించుకుంటున్న పిల్లల తప్పు ఇందులో ఏమైనా ఉందా? లేదు. తప్పంతా సాఫ్ట్‌వేర్ రాసే మనది.

కిలో అంటే వెయ్యి. బియ్యానికైనా, రోడ్డుకైనా, కరెంటు మీటరుకైనా అంతే. మెగా అంటే పది లక్షలు, గిగా అంటే వంద కోట్లు, టెరా అంటే లక్ష కోట్లు. మన లెక్కల్లో ఇంత తేలిగ్గా ఒదిగిపోయే కొలతను వదిలేసి, కంప్యూటర్లోకి రాగానే కిలో అంటే 1024 అనడం ఎందుకు? మెమరీ చిప్ వల్ల. చిప్‌లో ఏ చోటో చెప్పే అడ్రస్ లైన్లు పది ఉంటే, ఒక్కోటి 0 లేదా 1 కాబట్టి, రెండును పదిసార్లు గుణించినట్టు 1024 చోట్లు వస్తాయి. వెయ్యికి దగ్గరగా ఉంది కదా అని కిలో అనేశారు. అప్పట్లో తేడా 2.4 శాతమే, ఎవరికీ పట్టలేదు. మెగా దగ్గర అది 4.9 శాతం, గిగా దగ్గర 7.4, టెరాకు వచ్చేసరికి దాదాపు 10 శాతం అయింది.

1 టీబీ డిస్క్ పెడితే విండోస్ 931 జీబీ చూపించేది ఇందుకే. ‘మిగతాది ఫార్మాటింగ్‌కు పోయింది’ అని తెలిసినవాళ్లే చెబుతుంటే బాధేస్తుంది. ఫార్మాటింగ్‌కు పోయేది చాలా కొంచెం. డిస్క్‌లో లక్ష కోట్ల బైట్లూ ఉన్నాయి. విండోస్ వాటిని 1,07,37,41,824తో, అంటే 1024ను మూడుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్యతో భాగించి, వచ్చిన 931 పక్కన జీబీ అని రాస్తోంది. ఆ అంకె సరైనదే, పక్కనున్న పేరే తప్పు. దాన్ని గిబిబైట్ అనాలి. ఈ పేర్లు కొత్తవేం కావు. 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే ఖాయం చేసింది. ఈ గందరగోళం ఎంత దూరం వెళ్లిందో పాత ఫ్లాపీని చూస్తే తెలుస్తుంది. 1.44 ఎంబీ అని దాని మీద అచ్చువేశారు. అందులో ఉన్నవి 14,74,560 బైట్లు, అంటే 1.44ను ఒకసారి వెయ్యితో, ఇంకోసారి 1024తో గుణించారు. ఆ మెగా అటు పది లక్షలూ కాదు, ఇటు మెబి కూడా కాదు.

‘కిబి, మెబి నోరు తిరగవు’ అనేవాళ్లకు ఒక్క మాట. వాడేవాళ్లు వాటిని పలకాల్సిన పనే లేదు. ఫైలు సైజును వెయ్యితో భాగించి చూపిస్తే పాత పేర్లే సరిపోతాయి. మ్యాక్ 2009లో 10.6 వెర్షన్‌తో అలా మారింది. ఆండ్రాయిడ్ 8 నుంచి అదే దారి పట్టింది. డిస్క్‌లో సెక్టారు, అంటే డేటా రాసే ఒక్కో ముక్క, 512 లేదా 4096 బైట్లు కావచ్చు గానీ, మొత్తం ఎన్ని సెక్టార్లన్నది 1024 లాగా రెండు ఘాతంలోనే ఉండాలనే నియమం లేదు. కాబట్టి డిస్క్‌కూ ఫైలుకూ 1024 పట్టుకుని వేలాడాల్సిన కారణమేదీ నాకు కనిపించదు. నెట్ వేగం ఎటూ వెయ్యి లెక్కే. బైటుకు 8 బిట్లు కాబట్టి సెకనుకు 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లు. 1 జీబీ ఫైలు 80 సెకన్లలో దిగాలి. ఆ జీబీ అసలు గిబి అయితే 86 సెకన్లు పడుతుంది.

ర్యామ్ సంగతి వేరు, అక్కడ 1024 ఉండనివ్వండి. కానీ పేరు సరిగ్గా రాయండి. సర్వర్లు చూసేవాళ్లకు ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే కుబర్నెటీస్‌లో మెమరీ పరిమితి 512 తర్వాత పెద్ద ఎం (M) ఒక్కటే రాస్తే 51,20,00,000 బైట్లు. ఎం పక్కన ఐ (Mi) కూడా రాస్తే 53,68,70,912. జావా ప్రోగ్రాము డేటా పెట్టుకునే మెమరీ అయిన హీప్‌కు గరిష్ఠం 512 ఎం అని ఇస్తే అది 1024 లెక్కే తీసుకుంటుంది. అంటే మొదటి పద్ధతిలో పరిమితి పెడితే హీప్ ఒక్కటే కంటైనర్ కన్నా పెద్దది. లోడు పెరిగి హీప్ నిండేకొద్దీ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కర్నెల్ ఆ ప్రోగ్రామును చంపేస్తుంది. కోడ్‌లో మెమరీ లీక్ (వాడి వదలని మెమరీ) ఉందని రోజులకొద్దీ వెతుకుతారు. కుబర్నెటీస్‌లో చిన్న ఎం (m) రాశారా, అది మిల్లీ, అంటే వెయ్యో వంతు. 512 మిల్లీ అంటే ఒక బైటులో సగం!

లినక్స్‌లో డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కమాండుకు చిన్న హెచ్ ఇస్తే 1024, పెద్ద హెచ్ ఇస్తే 1000. డేటాను కాపీ చేసే డీడీ కమాండులో బ్లాక్ సైజు (ఒక్కసారికి తీసుకునే ముక్క) 1ఎం అంటే 10,48,576. 1ఎంబీ అంటే సరిగ్గా పది లక్షలు.

కోడ్ రాసేటప్పుడు డేటాబేస్‌లో, లాగ్‌లో, పోలికలో బైట్లే వాడండి. భాగహారం తెర మీద చూపించేటప్పుడు మాత్రమే. రౌండింగ్ యూనిట్ ఎంచుకున్నాక చేస్తే 9,99,960 బైట్లు ‘1000.0 కేబీ’ అని వస్తాయి. ముందు రౌండ్ చేసి, వెయ్యి తాకితే పై యూనిట్‌కు వెళ్లండి, 1.0 ఎంబీ వస్తుంది. అప్‌లోడ్ ఫారంలో 50 కేబీ అని చెప్పి, విండోస్ దారికి వచ్చేదాకా 51,200 బైట్ల వరకు ఒప్పుకోండి. ఎందులో చూసుకుని వచ్చినా ఫొటో వెళ్తుంది. తిప్పికొట్టాల్సి వస్తే మాత్రం ‘సైజు ఎక్కువ’ అని ఊరుకోకండి. ‘మీ ఫొటో 53,412 బైట్లు, 51,200 వరకే తీసుకుంటాం, ఇంకో 2,212 బైట్లు తగ్గించండి’ అని చెప్పండి.