యుస్రా మర్దిని పేరుతో తిరుగుతున్న ఆ మెసేజ్ గురించి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. "శరణార్థి పిల్లల మీద జాలి వద్దు. బాంబులు, ఆకలి వాళ్లను వజ్రాల్లా సానబెట్టాయి. సముద్రంలో ఈదిన యుస్రా మర్దిని ఒలింపిక్స్‌కు వెళ్లింది. పిల్లలు ఏదైనా ఇట్టే మరిచిపోతారు. కౌన్సెలింగ్ అనేది సుఖపడ్డవాళ్ల సరదా." పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

యుస్రా సంగతి నిజమే. సిరియా యుద్ధం నుంచి పారిపోతూ 2015లో టర్కీ, గ్రీసుల మధ్య ఏజియన్ సముద్రంలో ఇంజన్ ఆగిన పడవను అక్క సారాతో కలిసి నీళ్లలో దిగి ఒడ్డుకు చేర్చింది. 2016లో రియోలో శరణార్థుల జట్టు తరఫున ఈదింది. కానీ ఆమెకు ఈత నేర్పింది యుద్ధం కాదు, ఈత కోచ్ అయిన తండ్రి. బెర్లిన్ చేరాక ఒక ఈత క్లబ్బు చేరదీసింది, శిక్షణ దొరికింది. ఇవేవీ మెసేజ్‌లో లేవు. ఆమె సముద్రం దాటిన 2015లోనే, సెప్టెంబరులో, పడవ మునిగి చనిపోయిన అలన్ కుర్దీ అనే సిరియా పసివాడి శవం టర్కీ తీరానికి కొట్టుకొచ్చింది. వాడికి ధైర్యం చాలక పోయాడంటారా?

పిల్లలు మరిచిపోతారట. చెప్పడానికి మాటలు రాకపోతే మరిచినట్టా? కాస్త పెద్ద పిల్లలయ్యాక కూడా పక్క తడపడం, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడడం ఎందుకు మరి?

అసలు కోపం తెప్పించింది కౌన్సెలింగ్ మాట. స్వీడన్‌లో ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాల పిల్లలు వందలాది మంది మంచాన పడ్డారు. మాట లేదు, నడక లేదు, గొట్టంతోనే తిండి. 2014లో ఆ దేశ ఆరోగ్య యంత్రాంగం దాన్ని ప్రత్యేక వ్యాధిగా నమోదు చేసింది. ఉండనిస్తామన్న అనుమతి వచ్చాక చాలామంది మెల్లగా కోలుకున్నారు. బాంబులు ఎప్పుడో వెనకబడ్డాయి. తమను వెనక్కి పంపేస్తారన్న భయం మాత్రం రోజూ తగులుతూనే ఉంది. ఆ పిల్లల మంచం పక్కన నిలబడి "సరదా" అనగలరా? అనలేనప్పుడు ఫార్వర్డ్ ఎందుకు చేశారు?

ఒకటి ఒప్పుకుంటాను. దెబ్బ తిన్నాక మనిషి ఎదగడం కట్టుకథ కాదు. టెడెస్కీ, కల్హూన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1990లలోనే దానికి పేరు పెట్టారు. అయితే ఎదుగుదల దెబ్బలోంచి రాదు, దాంతో పడే పెనుగులాటలోంచి వస్తుందన్నదీ వాళ్లే. ఎదిగిన పిల్లకూ పీడకలలు వస్తాయి.

జాలి వద్దన్న మాట మాత్రం నాకూ తగిలింది. ఇన్నాళ్లూ నేను ఈ పిల్లల్ని ఏడుస్తున్న ఫొటోల్లోనే చూశాను. వాళ్లకు ఏం చదవాలని ఉందో ఎన్నడూ ఆలోచించలేదు.