ఊపిరి బిగపట్టమన్న కోచ్‌గారికి ఒక దండం

ఇందాక, స్విమ్మింగ్ పూల్‌లో పొద్దున ఆరింటి బ్యాచ్‌లో జరిగింది. తల కూడా సరిగ్గా తుడుచుకోకుండా రాస్తున్నా. నలభై దాటిన మనిషి ఒకాయన, కొత్త గాగుల్స్, కొత్త క్యాప్, ముఖంలో "డాక్టర్ చెప్పాడు కాబట్టి వచ్చాను" అన్న భయం. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కోచ్‌గారు. చేతిలో టీ గ్లాసు దించకుండానే కేక: "సార్, ఊపిరి గట్టిగా బిగపట్టండి! తల పైకెత్తండి! కాళ్లు ఫాస్ట్‌గా కొట్టండి!"

మూడు ముక్కలు. మూడూ తప్పే. ఒక్క గుక్కలో మూడు తప్పులు చెప్పాలన్నా ప్రతిభ ఉండాలి లెండి.

ఆయన పదిహేను మీటర్లు నీళ్లతో కుస్తీ పట్టి, రాడ్ దొరకబుచ్చుకుని, "నాకు స్టామినా లేదండీ" అన్నాడు. కోచ్‌గారు టీ ఇంకో గుక్క తాగి "అవును సార్, పెంచాలి" అన్నారు. అయిపోయింది పాఠం. నెల ఫీజు హుళక్కి.

స్టామినా కాదయ్యా! రోజూ పార్కులో ఐదారు కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా పూల్‌లో 25 మీటర్లకే చేతులెత్తేస్తారు. ఎందుకంటే ముఖం నీళ్లలో పెట్టగానే ఊపిరి బిగపట్టేస్తారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. "గాలి, గాలి" అని మెదడు గోల మొదలుపెట్టేది ఆక్సిజన్ అయిపోయి కాదు, ముందు ఈ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై. ఇక తల పక్కకి తిప్పిన ఆ ఒక్క క్షణంలో పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండు పనులు, టైం ఒకదానికే. సగం వదిలి, పావు పీల్చి, మళ్లీ ముంచుతారు. ఐదో చెయ్యి వేసేసరికి ప్రాణం గొంతులోకి వస్తుంది. దీనికి ఆయన పెట్టుకున్న పేరు స్టామినా లేకపోవడం.

నేర్పాల్సింది ఎంత చిన్న పనో చూడండి. ఛాతీ కిందిదాకా వచ్చే నీళ్లలో నిలబడి రాడ్ పట్టుకోవాలి. నోటితో మామూలుగా పీల్చాలి, బస్తాడు గాలి అక్కర్లేదు. ముఖం ముంచి, నోరు మూసి "మ్మ్మ్" అని రాగం తీస్తూ ముక్కుతో సన్నగా బుడగలు వదలాలి. ముక్కులోంచి గాలి బయటికి వస్తున్నంతసేపూ నీళ్లు లోపలికి పోవు. మూడు నాలుగు సెకన్లు వదిలి, చివర్లో నోటితో ఒక్క ఉఫ్, తల పైకి, మళ్లీ పీల్చు. ఇలా ఆగకుండా 20 సార్లు. పదికే ఆయాసం వచ్చిందంటే గాలి పూర్తిగా వదలట్లేదని. మొదటి రెండు మూడు రోజులు ఇంతకు మించి ఏం చేయకపోయినా నష్టం లేదు. కానీ దీనికి కోచ్‌గారు నీళ్లలోకి దిగాలి. ప్యాంటు తడుస్తుంది మరి.

తల పైకెత్తమనడం రెండో ఘనకార్యం. మనిషి ఒళ్లు నీళ్లలో తక్కెడలాంటిది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది, తుంటీ కాళ్లూ బరువు. ఇటు తల ఎత్తితే అటు కాళ్లు దిగుతాయి. నీళ్లు గాలికంటే 800 రెట్లు చిక్కన. కాళ్లు వేలాడేసుకుని ఈదడమంటే హ్యాండ్‌బ్రేక్ వేసి బండి నడపడమే. చూపు ముందుకి కాదు, పూల్ అడుగున ఉన్న నల్లగీత మీదికి. గాలికోసం తల తిప్పేటప్పుడు కూడా ఒక గాగుల్ నీళ్లలో, ఒకటి బయట. ఎత్తడం కాదు, ఒళ్లంతా కొంచెం పక్కకి దొర్లితే దాంతోపాటు తల తిరుగుతుంది.

ఇక కాళ్లు ఫాస్ట్‌గా కొట్టడం. ఒంట్లో పెద్ద కండరాలు తొడలవి. వాటికి పని పెంచితే ఉన్న ఆక్సిజనంతా అవే తాగేస్తాయి. పైగా కొత్తవాళ్లు మోకాళ్లు మడిచి సైకిల్ తొక్కినట్టు కొడతారు. నురుగు బ్రహ్మాండంగా వస్తుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. కదలిక తుంటి దగ్గర మొదలవ్వాలి, మోకాలు కొద్దిగా వదులు, చీలమండ పూర్తిగా వదులు, వేళ్లు వెనక్కి. ఫిట్‌నెస్ కోసం వచ్చినవాడికి కాళ్లు తేలుతూ ఉండేటంత తన్ను చాలు. తొడల మధ్య పుల్ బాయ్ (తేలే ఫోమ్ ముక్క) పెట్టుకుంటే కాళ్ల బెంగ తీరి ధ్యాసంతా ఊపిరి మీదికి వస్తుంది. ఆ పుల్ బాయ్‌లేమో స్టోర్ రూంలో తాళం వేసి ఉంటాయి. "పోతాయి సార్" అంటారు. వాడితేనే కదా పోయేది.

ఇప్పుడు కామెంట్లలోకి పరిగెత్తుకొస్తారు, "మా ఊళ్లో నడుముకి బెండ్లు కట్టి మోటబావిలోకి తోసేవారు, అదే వచ్చేసింది" అంటూ. వచ్చింది బాబూ, ఒప్పుకుంటున్నా. మునగకుండా ఉండటం వచ్చింది. తల బయటపెట్టి బావి చుట్టూ నాలుగు చుట్లు కొట్టడం వేరు, గుండెకి పని చెప్పేలా అరగంట ఈదడం వేరు. నమ్మకపోతే రేపు పూల్‌కి వెళ్లి ముఖం నీళ్లలో పెట్టి ఆగకుండా 100 మీటర్లు ఈది, ఆ తర్వాత రాయండి కామెంటు.

గేటు దగ్గర ఫ్లెక్సీ చూశారా? "21 రోజుల్లో ఈత గ్యారంటీ. నెలలో 8 కిలోల బరువు తగ్గండి." పక్కన డాల్ఫిన్ బొమ్మ. 70 కిలోల మనిషి అరగంట ఓ మోస్తరుగా ఈదితే ఖర్చయ్యేది దాదాపు 200 కేలరీలు. అదీ అరగంటా ఈదితే. కొత్తవాళ్ల అరగంటలో ఈత పన్నెండు నిమిషాలు, మిగతాది రాడ్ పట్టుకుని రాష్ట్ర రాజకీయాలు. ఆ తర్వాత చల్లనీళ్ల మహిమ, ఆకలి దంచేస్తుంది. సరిగ్గా గేటు ఎదురుగానే టిఫిన్ బండి. ఒక నెయ్యికారం దోసె, నాలుగు పునుగులు, లెక్క సరిపోవడమే కాదు, మనమే బాకీ. ఈతవల్ల గుండెకీ ఊపిరితిత్తులకీ భుజాలకీ లాభం, అది నిజం. బరువు సంగతి కంచం దగ్గర తేలుతుంది, పూల్‌లో కాదు.

సరే, గ్యారంటీలు పక్కనపెట్టి అసలు లెక్క చెప్తా. వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు. పొట్ట నిండా తిని దిగొద్దు, తిన్నాక రెండు గంటలు ఆగండి. బుడగలూ తేలడమూ కుదిరాక 25 మీటర్ల పూల్‌లో ఒక వైపు ఈది, గోడ దగ్గర 30 నుంచి 45 సెకన్లు ఆగండి. పూర్తి వాక్యం మాట్లాడగలిగితేనే మళ్లీ బయల్దేరాలి. అలా 8 సార్లు, అంటే 200 మీటర్లు. మొదటి నెలకి ఇది చాలంటే చాలు. తర్వాత వారానికి రెండేసి పెంచుకుంటూ 10, 12, 14, 16. అప్పుడు కొన్నిటిని జతచేసి 50 మీటర్లు చేయండి, విశ్రాంతి నిమిషం. రెండున్నర మూడు నెలలకి ఆగుతూ ఆగుతూ 500 మీటర్లు అయిందంటే బాగా చేస్తున్నట్టే. వేగం సంగతి మర్చిపోండి. మొదటి 25 ఎంత నెమ్మదిగా ఈదాలంటే పక్క లేన్ పిల్లలు నవ్వాలి. అందరూ చేసేది తిరగేసి: మొదటి 25 ఒలింపిక్స్‌లా, తర్వాత ఇరవై నిమిషాలు గోడకి బల్లిలా.

పిక్క పట్టేస్తే కంగారుపడి కొట్టుకోకండి. గోడ పట్టుకుని, మోకాలు చాపి, బొటనవేలు పట్టుకుని ముఖంవైపు లాగండి. వదిలేస్తుంది.

మోకాళ్ల గురించి ఒక మాట, ఇది నిజంగా మండే సంగతి. "మోకాళ్లకి ఈత మంచిది" అని డాక్టరు రాసిస్తాడు. ఏ ఈతో రాయడు. వీళ్లొచ్చి తల బయటపెట్టుకోవచ్చు కదా అని బ్రెస్ట్ స్ట్రోక్ మొదలుపెడతారు. కప్పలా కాళ్లు విప్పి తన్నే ఆ తన్నులో మోకాలి లోపలివైపు పడే ఒత్తిడి తక్కువేం కాదు. నెలకి నొప్పి పెరుగుతుంది, "ఈత కూడా పడలేదండీ" అని మానేస్తారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఒక్కో చెయ్యి మార్చి వేసే ఫ్రీస్టైల్, లేదా వెల్లకిలా ఈత. అదీ కుదరకపోతే ఛాతీలోతు నీళ్లలో నడక. అదీ వ్యాయామమే, నామోషీ ఏం లేదు.

అపార్ట్‌మెంట్ వాళ్లు "మాకు కిందే పూల్ ఉందిగా" అంటారు. ఉంది, బ్రోషర్‌లో ఉంది. కిడ్నీ ఆకారంలో, మధ్యలో ఫౌంటెన్‌తో, నాలుగు చేతులేస్తే గోడ తగిలేలా. దాని మెయింటెనెన్స్ మాత్రం చదరపు అడుగుల లెక్కన కడతాం. బుడగలు ప్రాక్టీసు చేసుకోవడానికి పనికొస్తుంది, పోనీలెండి.

నీళ్ల సంగతి. పూల్‌లో అడుగుపెట్టగానే ఘాటు వాసన కొడితే "క్లోరిన్ బాగా వేశారు, శుభ్రంగా ఉంది" అనుకుంటారు. అది క్లోరిన్ వాసన కాదు స్వామీ. క్లోరిన్ మన చెమటతో, ఇంకా చెప్పకూడని ద్రవంతో కలిసి తయారైన క్లోరమైన్ల వాసన. కళ్లు మండేది వాటివల్లే. దిగేముందు ఒక నిమిషం షవర్ కింద నిలబడితే సగం బాధ తగ్గుతుంది. నిలబడరు. పక్కనే జిమ్‌లో గంట చెమటోడ్చి, అదే టీషర్టుతో డైరెక్టుగా ధబేల్. కాటన్ టీషర్టు! నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దాని పీచు వెళ్లి ఫిల్టర్‌లో పడుతుంది. నైలాన్ లేదా పాలియెస్టర్ వేసుకోండి అంటే "స్టైల్ ఎందుకులే" అంటారు. స్టైల్ కాదు నాయనా, తూకం. మంచి పూల్‌లో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 ఉండాలి, రోజూ బోర్డు మీద రాయాలి. బోర్డు లేకపోతే లోతు చివర నిలబడి అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ కనిపిస్తోందా చూడండి. కనిపించకపోతే ఇంటికి రండి.

గాగుల్స్ కొనేటప్పుడు పట్టీ వేయకుండా కళ్లకి అద్ది చూడండి. రెండు క్షణాలు అతుక్కుని నిలబడితే మీ ముఖానికి సరిపోయినట్టు. కారితే పట్టీ ఎంత బిగించినా కారతాయి, కళ్ల చుట్టూ గుడ్లగూబ గుర్తులు తప్ప లాభం ఉండదు. లోపలివైపు వేలితో రుద్దొద్దు, ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది. చెవిలో నీళ్లు పోతే తల వంచి ఒంటికాలి మీద గెంతండి, బయట తువ్వాలుతో తుడవండి. బడ్స్ పెట్టి కెలికారో, వారంలో డాక్టర్ దగ్గర ఉంటారు.

ఇంకోటి. "నీళ్లకింద ఎవరెక్కువసేపు ఉంటారో" పందేలు. పది పదిహేను సార్లు గబగబా ఊపిరి తీసి మునగడం. అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకి హెచ్చరిక అందదు, స్పృహ నీళ్లకిందే పోతుంది. చప్పుడు ఉండదు, కొట్టుకోవడం ఉండదు. బాగా ఈత వచ్చినవాళ్లకి కూడా జరుగుతుంది ఇది. మన దేశంలో ఏటా 30 వేలమందికి పైగా నీట మునిగి పోతున్నారు. ఇక్కడేమో లైఫ్‌గార్డ్ కుర్చీలో లైఫ్‌గార్డ్ తువ్వాలు ఉంటుంది, లైఫ్‌గార్డ్ ఉండడు.

అన్నట్టు, పొద్దున ఆరింటి బ్యాచ్ "జనరల్" అట. జనరల్ అంటే మగవాళ్లని అర్థం. లేడీస్ బ్యాచ్ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. మే నెల మధ్యాహ్నం మూడు! నీళ్లు కాగులో కాచినట్టుంటాయి, గట్టు మీద కాలు పెడితే బొబ్బలు. ఉద్యోగం చేసే ఆవిడ ఆఫీసులో, చేయని ఆవిడ బడి బస్సు దగ్గర. ఎవరొస్తారు? ఎవరూ రారు. అప్పుడు కమిటీ తీర్మానం: "లేడీస్ నుంచి డిమాండ్ లేదండీ." ఆహా!

వచ్చిన నలుగురికీ ఎన్ని నీతులో. కాస్ట్యూమ్ మీద చున్నీ వేసుకోవాలి (నీళ్లలో చున్నీ మెడకి చుట్టుకుంటే ఎవరు బాధ్యులు?). మోచేతులూ మోకాళ్లూ కప్పే పాలియెస్టర్ స్విమ్ సూట్లు ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి, అవి వేసుకొస్తే దానికీ ఒక చూపు. నెలసరి రోజుల్లో రావొద్దంటారు, ఆ ఐదు రోజుల ఫీజు మాత్రం తగ్గించరు. మెన్‌స్ట్రువల్ కప్పు పెట్టుకుని నిక్షేపంగా ఈదొచ్చు, పూల్‌కి ఏమీ కాదు. పూల్‌కి అయ్యేదంతా షవర్ చేయకుండా దూకే మహానుభావులవల్లే. ఇక "నల్లబడిపోతావమ్మా, పెళ్లి కావాల్సిన పిల్లవి" అనే పిన్నిగార్లు సరేసరి.

1959లో ఆరతీ సాహా ఇంగ్లిష్ ఛానల్ ఈదింది, ఆసియా నుంచి మొదటి మహిళ. మన గోలి శ్యామలగారు నలభై దాటాక ఈత మొదలుపెట్టి 2021లో మనకీ శ్రీలంకకీ మధ్య ఉన్న పాక్ జలసంధి దాటారు, ఆ తర్వాత విశాఖ నుంచి కాకినాడ దాకా సముద్రంలో ఈదారు. ఆవిడకి సన్మానాలకీ శాలువాలకీ ముందుంటారు అందరూ. పొద్దున ఒక గంట ఆడవాళ్లకివ్వండి అంటే మాత్రం పూల్ షెడ్యూల్ భారత రాజ్యాంగం అయిపోతుంది, మార్చాలంటే సవరణ కావాలి.

బయటికి వస్తుంటే గేటు మీద తెల్లకాగితం అంటించి ఉంది. "లేడీస్ కోచ్ సెలవు. రేపు లేడీస్ బ్యాచ్ లేదు." దాని కింద పెన్నుతో, నీట్‌గా: "ఆ టైంలో జెంట్స్ రావచ్చు."