ఆయాసానికి మందు కాళ్లలోనూ ఉంది

సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసం పెట్టే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న మనిషి పది మెట్లెక్కి ఆగిపోతే, పాపం ఊపిరందడం లేదంటాం. చాలాసార్లు ముందుగా మొరాయించేవి తొడ కండరాలు. ఈ రోగుల్లో దాదాపు మూడో వంతు మందికి తొడల్లో బలం తగ్గి ఉంటుంది, జబ్బు తొలి దశలోనే కొందరికి మొదలవుతుంది. అయినా చెకప్‌కు వెళ్తే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేస్తారు, ఇన్‌హేలర్ మారుస్తారు, పంపేస్తారు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమని అడిగేదెవరు? తొడల బలం అంచనా వేసే ఆ పరీక్షకు కుర్చీ, గడియారం ఉంటే చాలు.

ఆయాసమొస్తుందని నడక మానేస్తారు, కదలిక లేక కండరం కరిగిపోతుంది. తిండి సరిపోకపోవడం, ఆక్సిజన్ కొరత, జబ్బు ముదిరినప్పుడల్లా మింగే స్టెరాయిడ్ మాత్రలు దానికి తోడు. సన్నబడటంతో ఆగదు. ఎక్కువసేపు ఓర్చుకునే కండర పోగులు తగ్గి, ఇట్టే అలసిపోయేవి మిగులుతాయి. అలాంటి కండరం కొద్ది శ్రమకే లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. దాన్ని సర్దుబాటు చేసే క్రమంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దాన్ని బయటికి తోసే చాకిరీ మళ్లీ ఆ దెబ్బతిన్న ఊపిరితిత్తులదే! ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకున్నవాళ్లను చూడండి. కొత్తవి చక్కగా పనిచేస్తున్నా చాలామంది ఆరోగ్యవంతులంత శ్రమ చేయలేరు. అక్కడ అడ్డుపడేది ఎక్కువగా కాళ్ల కండరాలే.

ఊపిరాడని మనిషిచేత వ్యాయామమా అని ఇంట్లోవాళ్లు భయపడతారు. ఆ భయం సహజం, ఆక్సిజన్ పడిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే పల్మనరీ రిహాబిలిటేషన్‌లో (ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామంతో సత్తువ తెచ్చే చికిత్సలో) వేలికి ఆక్సీమీటర్ పెట్టి, ఫిజియోథెరపిస్ట్ కళ్లముందే చేయిస్తారు.

వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2015 సమీక్షలో ఈ రిహాబిలిటేషన్‌పై జరిగిన 65 ప్రయోగాలను, 3,822 మందిని కలిపి చూసింది. ఫలితం ఎంత స్పష్టమంటే, మామూలు వైద్యంతో పోల్చే ప్రయోగాలు ఇక అక్కర్లేదని తేల్చేశారు. స్పైరోమెట్రీ అంకెలు పెద్దగా మారవు. మనిషి మాత్రం ఎక్కువ దూరం నడుస్తాడు, తక్కువ ఆయాసపడతాడు.

ఇంత రుజువున్న చికిత్స రోగుల్లో కొద్దిమందికే అందుతోంది. మాత్రకైతే దాన్ని అమ్మే కంపెనీ ఉంటుంది, నడకకు ఎవరున్నారు? ఒంటిని విభాగాలుగా పంచేసుకున్న వైద్యంలో కండరం ఎవరి వాటాలోకీ రాలేదు. గుండె వైఫల్యంలోనూ, కిడ్నీ జబ్బులోనూ కండరం ఇలాగే కరుగుతుంది, అక్కడా అడిగేవాళ్లు తక్కువే. సీఓపీడీ ముదిరి ఆసుపత్రిలో చేరితే కొద్దిరోజుల్లోనే కాళ్ల సత్తువ ఇంకా పడిపోతుంది. కాబట్టి డిశ్చార్జ్ కాగితంలో ఇన్‌హేలర్ పేరు పక్కనే తొడ బలం ఎంతో రాయాలి, నాలుగు వారాల్లోపు రిహాబిలిటేషన్ మొదలయ్యేలా తేదీ వేసి ఇవ్వాలి.