అంబాసిడర్‌కు అల్లాయ్ యోగం

పాత కార్లను పాతగానే ఉంచాలనే దుర్మార్గపు ఆలోచన మన సమాజంలో ఇంకా బతికే ఉంది. దాన్ని ఖండించడానికే ఈ వ్యాసం. మా ఇంట్లో నాన్నగారి అంబాసిడర్ ఒకటుంది, 1984 మోడల్, మార్క్ 4. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, బెంగాల్లోని ఉత్తరపారలో స్థిరపడి, 2014లో తయారీ ఆగేదాకా పెద్దగా మారని వంశం. ఇన్నేళ్ళూ 15 అంగుళాల ఇనుప రిమ్ములు, మెరిసే వీల్ కప్పులతోనే సంసారం నెట్టుకొచ్చింది. ఇంత వెనకబాటుతనాన్ని చదువుకున్న కొడుకు ఎలా సహిస్తాడు?

విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్ళాను. 17 అంగుళాల అల్లాయ్‌లు, అంటే మిశ్రమలోహపు షోకు రిమ్ములు, వాటికి 215/45 టైర్లు తీసుకున్నాను. మేస్త్రీ రిమ్మును హబ్బు మీద ఆనించి చూసి, బోల్టు రంధ్రాలు కలవట్లేదన్నాడు. జాతకాలు కుదరలేదన్నమాట. మన దగ్గర పరిహారం లేని దోషముందా? మధ్యలో అడాప్టర్ బిళ్ళ వేశాడు. దాంతో చక్రం మడ్గార్డు దాటి బయటికి తొంగిచూసింది. టైరు రాసుకోకుండా మడ్గార్డు లోపలి అంచును సుత్తితో మడిచాడు. నలభై ఏళ్ళుగా ఏ లారీ చేయలేని పని పది నిమిషాల్లో పూర్తయింది.

ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు. వెడల్పు టైర్లతో పార్కింగ్‌లో ఒక్క మలుపు తిప్పేసరికి రెండు శేర్ల మినప్పప్పు రుబ్బినంత పనైంది. ఇడ్లీలే తక్కువ.

అల్లాయ్‌ల అసలు గొప్పతనం పారదర్శకత. పాత రిమ్ము లోపలున్నదాన్ని దాచేది. ఇప్పుడు సన్నటి పుల్లల మధ్య నుంచి తుప్పుపట్టిన బ్రేకు డ్రమ్ము, మాడిన పప్పుగిన్నెలా ఊరందరికీ కనిపిస్తోంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డిస్కు బ్రేకులు వేయిద్దామంటే ఖర్చు. అందుకని డిస్కు బ్రేకుల్లా కనిపించే ఎర్ర ప్లాస్టిక్ తొడుగులు తగిలించాం. అవి బండి ఆగడానికి కాదు, ఆగుతుందని చూసేవాళ్ళు నమ్మడానికి.

ఇక సుఖం సంగతి. పాత టైరు బొద్దుగా ఉండేది. గుంతలో పడితే సగం దెబ్బ అదే మింగి, మిగతాది వెనక కమాన్లకు పంచేది. కొత్త టైరు పక్కగోడ ఎత్తు, 215 మిల్లీమీటర్ల వెడల్పులో 45 శాతం, అంటే 97 మిల్లీమీటర్లు. దళారీ వ్యవస్థ రద్దయింది. గుంత ఇచ్చేది గుంత ఇచ్చినట్టే నేరుగా లబ్ధిదారుడి నడుములో జమవుతోంది. పైగా రిమ్ము పెరిగినా చక్రం మొత్తం ఎత్తు తగ్గడంతో మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తోంది. 1489 సీసీ ఇంజిన్‌కు ఈ వయసులో అంతకంటే ప్రోత్సాహం ఏం కావాలి?

చట్టమంటారా? తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. చక్రాలు అందులోకి వస్తాయో రావో లాయర్లు తేల్చుకుంటారు. 50 ఏళ్ళు దాటిన కారుకు 20,000 రూపాయలు కట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చని 2021లో నిబంధన తెచ్చారు. కాకపోతే బండి అసలు రూపంలోనే ఉండాలి. మాదానికి ఆ వయసు 2034లో వస్తుంది. ఆ ఇరవై వేలూ ఇప్పుడే ఆదా చేసేశాను.

చక్రాలు కొత్తవి కదా అని దుర్గమ్మ గుడి దగ్గర మళ్ళీ వాహన పూజ చేయించాను. నాలుగు నిమ్మకాయలూ చక్కగా చితికాయి. ఇంటికి నాలుగు వీధుల దూరంలో గుంత. ఎడమవైపు ముందు అల్లాయ్ అంచు అప్పడంలా వంగి, గాలంతా పోయింది. డిక్కీలో స్టెప్నీ ఒకటే ఉంది, ఆ పాత 15 అంగుళాలది. బిళ్ళ ఊడదీసి దాన్నే బిగించి, వీల్ కప్పు కూడా తగిలించి, కుంటుకుంటూ ఇల్లు చేరాం.

గేటు దగ్గర నాన్నగారు నిలబడి ఉన్నారు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. ముందు చక్రం దగ్గర వంగి, వీల్ కప్పును పైపంచెతో తుడిచారు.

"ఏరా, ఇదొక్కటే బాగుచేశాడేం? మిగతా మూడూ ఎప్పుడు చేస్తాడట?"