మా జిప్సీ జీపు వెనక బంపరు గారికి

మహారాజశ్రీ వెనక బంపరు గారి దివ్యసముఖానికి,

తమ సృష్టికర్త అనేక నమస్కారాలు చేసి రాసేది. ఉభయకుశలోపరి. కుశలం తమరికే లెండి. నా కుడి మోచెయ్యి గీరుకుపోయింది, మా బావమరిది నాతో మాట్లాడటం మానేశాడు, మా ఆవిడ మానలేదు.

నిన్న మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో తమరు చూపించిన నిబ్బరం గురించే ఈ ఉత్తరం. వెనక టైరు పంచరైంది. అందులో తమ తప్పేం లేదు. కానీ స్టెప్నీ ఉన్నది వెనక తలుపుకి అడ్డంగా తమకి బిగించిన ఇనప చేతిమీద. దాని నట్లు విప్పాలంటే వీల్ స్పానర్ కావాలి. స్పానరూ జాకీ ఉన్నది వెనక తలుపు లోపల. తలుపు తెరవాలంటే తమ చెయ్యి పక్కకి తిరగాలి. తిరగలేదు. గడియ పట్టుకుని లాగాను, వేలాడాను, కాలితో తన్నాను. సీట్ల మీంచి పాకి జాకీ తెస్తానని వెళ్ళిన మా బావమరిది రెండు కుటుంబాల సామాన్ల మధ్య నడుందాకా ఇరుక్కున్నాడు. "లాగు బావా" అని లోపల్నించి వాడు, "ముందు గడియ రానీరా" అని బయట్నించి నేను.

ఈ ఏర్పాటంతా నోటుబుక్కులో స్కేలు పెట్టి గీసుకున్నది నేనే. దొంగలు స్టెప్నీ ఎత్తుకుపోకూడదనుకున్నాను. యజమానిని కూడా దొంగల లెక్కలో కలిపేశానని గంటన్నర సేపు ఎండలో నిలబడ్డాక తెలిసింది.

చివరికి ఎవరో పెద్దాయన గేదెని తోలుకుంటూ వచ్చి ఆగాడు. తమర్ని ఒకసారి చూశాడు. "గేటు జారిపోయిందండి. మా గొడ్ల సావిట్లోనూ ఇంతేనండి. కింద నించి ఎత్తి లాగాలండి" అన్నాడు. బొంగుకర్ర ఒకటి చెయ్యి కింద దూర్చి భుజంతో పైకెత్తాడు. గడియ టక్కున ఊడింది. రెండు నెలలు ఆదివారాలన్నీ ధారపోసి నేను చేసింది గొడ్లసావిడి గేటని ఆయన అర నిమిషంలో తేల్చేశాడు.

చిన్నచిన్న సంగతులు వదిలేస్తాను. మొదటి వారం ఒకే పక్కనించి ఏకబిగిన వెల్డింగ్ కొట్టుకుంటూ పోతే వేడికి రేకు అరటికాయలా వంగడం నా తెలివితక్కువతనం. ముందు ట్యాకులు, అంటే అక్కడక్కడ చుక్కల్లాంటి అతుకులు, వేసుకుని అటో అంగుళం ఇటో అంగుళం కుట్టాలని తర్వాత తెలిసింది. 4 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకి 31 కేజీల పైమాటే. లెక్క తెలిసి కూడా "గట్టిగా ఉంటుందిలే" అని కొన్నాను. ఇనుప కొట్లో కాటా ఎక్కిస్తే చెయ్యితో కలిపి తమరు 62 కేజీలు. తమరెక్కాక వెనక స్ప్రింగు పట్టీలు చతికిలబడి ముందు మూతి లేచింది. ఇప్పుడు రాత్రిళ్ళు మా హెడ్‌లైట్లు రోడ్డుమీద కాదు, కొబ్బరి మట్టల మీద పడుతున్నాయి. ఆ పక్కన బిగించిన 20 లీటర్ల క్యాను ఈనాటిదాకా ఖాళీయే. అది ఫొటోల కోసం. ఇక చట్టం అంటారా, బండికి సొంత మార్పులు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా అని 2019 సవరణలో రాసి పెట్టారు. తమలో ఎన్ని మార్పులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

కానీ తమ చెయ్యి తిరిగే ఆ పిన్ను సంగతి మాత్రం మింగుడు పడటం లేదండీ.

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనాయన అప్పుడే చెప్పాడు. "పాత కారు చక్రం హబ్బు తీసుకోండి సార్, బేరింగుల మీద తిరుగుద్ది. పిన్ను పెడితే వాలిపోద్ది" అన్నాడు. హబ్బూ బేరింగులూ కలిపి మూడు వేల లోపే. అప్పటికే ఇనుముకీ రాడ్లకీ గ్రైండరు బిళ్ళలకీ పంతొమ్మిది వేలు పోసినవాణ్ణి, సరిగ్గా అక్కడ నాకు పొదుపు గుర్తొచ్చింది. పైపు ముక్కలో కడ్డీ దూర్చి, గ్రీజు పూసి, ఇదే హబ్బు పొమ్మన్నాను. పిన్ను ఎత్తు 10 సెంటీమీటర్లు. చెయ్యి పొడవు 110. పిన్ను దగ్గర ఒక్క మిల్లీమీటరు లూజుంటే చెయ్యి చివర పదకొండు మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. ఆరో తరగతి లెక్క. పైగా మూసినప్పుడు చెయ్యి ఆనుకోడానికి కింద చిన్న దిమ్మ ఒకటి ఉండాలి, అది పెట్టడం మర్చిపోయాను. దాంతో చక్రం బరువంతా గడియ కొక్కెం మీద వేలాడింది. గుంత గుంతకీ ఇంకాస్త బిగుసుకుంది.

అయినా నువ్వేం తక్కువ తిన్నావా! రాజమండ్రిలో, ఇంటి ముందు, చుట్టుపక్కలవాళ్ళు చూస్తుండగా ఇరవైసార్లు తెరిచాను, మూశాను. వెన్నలా తిరిగావు. ఒక్కసారి కిర్రుమన్నా అనుమానపడేవాణ్ణి కదా! సెల్ సిగ్నల్ లేనిచోటు దాకా ఆగి మరీ మొరాయించావు. తీరా తెరుచుకున్నాక, మూసుకోనన్నావు. ఆ పదకొండు మిల్లీమీటర్ల కోసం ఆ పెద్దాయన గేదె పలుపుతాడు విప్పి ఇస్తే దాంతో కట్టి తెచ్చాను నిన్ను, అరవై రెండు కేజీల మొద్దూ! బొంగు చికెన్ అయిపోయాక చేరాం. ఆ బొంగే నయం, కత్తితో ఒక్కటేస్తే తెరుచుకునేది. దారి పొడవునా మా ఆవిడ అడిగింది ఒకటే మాట: "పాత బంపరు ఏం పాపం చేసిందండీ?"

వచ్చే ఆదివారం గ్రైండరు తెస్తున్నాను. చెయ్యి కోసేస్తాను, హబ్బు పెడతాను, దిమ్మ పెడతాను. ఇవాళ పొద్దున్న ఎక్కడ కొయ్యాలో సుద్దతో గీత గీద్దామని కింద పడుకుని చూశాను. ఎడం మూల, ఛాసిస్ పట్టీ దగ్గర, అడుగు పొడవున ఒక వెల్డింగ్ కుట్టు కనపడింది. ఏ రోజు కొట్టానో గుర్తులేదు. ఒకదాని మీద ఒకటి చిల్లర పేర్చినట్టు సమంగా, ఎక్కడా చిల్లు లేకుండా ఉంది. నేల మీద పడుకుంటే తప్ప ఎవరికీ కనపడదు. సుద్దగీత దానికి నాలుగంగుళాలు ఇవతలే గీశాను.

ఇట్లు,
తమ వెల్డరు
(పలుపుతాడు తిరిగి ఇచ్చే పనిమీద)